రెండు పాయింటు ఒకటి అంటే ఎంత?

సీయస్వీ ఫైలు చదవడాన్ని మన వృత్తిలో ఎవరూ పనిగా లెక్కవెయ్యరు. "అదెంతసేపు? లైను తీసుకో, కామా దగ్గర విరగ్గొట్టు, అయిపోయె" అంటారు. ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాళ్ళని అడిగి చూడండి, దాదాపు అందరూ ఇదే చెబుతారు. రూబీ వచ్చినవాళ్ళైతే మరీ ధీమాగా ఒక్క లైన్లో రాసి చూపిస్తారు. రూబీలో అన్నీ ఒక్క లైనే కదా మరి :)

నా వాదన వేరు. విరగ్గొట్టడం పెద్ద సమస్యేం కాదు, దానికి మంచి లైబ్రరీలున్నాయి. విరగ్గొట్టాక చేతికొచ్చిన ముక్క అంకెనా, తేదీనా, పేరా, ఇంకోటా అని ఎవరు నిర్ణయిస్తారన్నదే అసలు సంగతి. ఈ ప్రశ్న మా ఊరివైపు ఎకరాల్లోకీ గుంటల్లోకీ రూపాయల్లోకీ ఎలా దిగిందో ఈమధ్య దగ్గర్నుంచి చూశాను. అది చెబుదామనే ఈ టపా.

ముందు కాస్త పురాణం. కామాలతో డేటా రాసుకోవడం ఇవ్వాళ్టిది కాదు, 1972లోనే ఐబీయం ఫోర్ట్రాన్ కంపైలరు ఇలాంటి ఇన్‌పుట్ తీసుకునేది. దానికంటూ ఒక పద్ధతి ఉండాలని కాగితమ్మీద రాసింది మాత్రం 2005 అక్టోబర్లో, ఆరెఫ్సీ 4180 పేరుతో. అంటే ముప్ఫై మూడేళ్ళు ఎవడికి తోచినట్టు వాడు రాసుకున్నాడన్నమాట. ఆ ఆరెఫ్సీ కూడా "సమాచారం కోసం" అన్న కోవలోదే తప్ప, ఇలాగే చెయ్యాలని శాసించే ప్రమాణం కాదు. కొటేషన్లు ఎక్కడ పెట్టాలో, గడిలో కామా వస్తే ఏం చెయ్యాలో చెప్పింది. గడిలో ఉన్నది ఏ జాతిదో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పడానికి ఆ ఫార్మాట్లో చోటే లేదు. అందులో ఉన్నవన్నీ అక్షరాలే.

ఇహ మా ఊరి సంగతి. మాది బోధన్ దగ్గర పల్లె. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది, కాలవ నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెనకాలే చెరకొచ్చింది, చెరకు వెనకాల 1937లో నిజాం షుగర్స్ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ అని మా తాతల కాలం నుంచీ చెప్పుకునేవాళ్ళు. దాని చుట్టూ శక్కర్‌నగర్ అని ఒక ఊరే వెలిసింది. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్ళడం, 2015 డిసెంబర్లో లే-ఆఫ్‌తో మూతపడడం తెలిసిన కథే. ఆ తర్వాత మావైపు చాలామంది వరికి మళ్ళారు. ఇంకా చెరకు వదలనివాళ్ళు దూరం ఫ్యాక్టరీలకి తోలుకుంటున్నారు.

మా బావ ఈ వదలనివాళ్ళలో ఒకడు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ రైతులు కలిసి కోత కూలీలకిచ్చే అడ్వాన్సు, లారీ కిరాయి ఎకరాల చొప్పున పంచుకుంటారు. ఆ లెక్క బావ దగ్గరుంటుంది. ఇదివరకు పొడుగు నోటుబుక్కులో రాసేవాడు. పోయిన సీజన్లో ప్రతి రైతు దగ్గరా పేరు, ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన చీటీ తీసుకుని, ఊళ్ళో జిరాక్సు సెంటరు కుర్రాడితో స్ప్రెడ్‌షీటులో ఎక్కించాడు. ఆరొందల చిల్లర వరసలు. చీటీలు పోయాయి, ఫైలు మిగిలింది. దాన్ని సీయస్వీగా నాకు పంపి ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, లెక్క కలుస్తలేదురా. ఊర్ల భూమి ఊర్లనే ఉన్నది. గీ కంప్యూటర్ల ఎట్ల తగ్గింది?"

నిజంగానే తగ్గింది. ఎందుకో చెప్పాలంటే గుంటల సంగతి చెప్పాలి. కోస్తావాళ్ళకి ఇది కొత్తగా ఉండొచ్చు కనుక కాస్త ఓపిక పట్టండి. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. గుంటంటే 121 గజాలు. రెండెకరాల పది గుంటలుంటే మావాళ్ళు 2-10 అనో 2.10 అనో రాస్తారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకీ గుంటలకీ మధ్య ఒక అడ్డుగీత, అంతే. రెండెకరాల ముప్ఫై గుంటలూ, ఎకరం ఇరవై గుంటలూ, రెండెకరాల పది గుంటలూ కలిపితే ఆరెకరాల ఇరవై గుంటలు. అదే 2.30, 1.20, 2.10 అని రాసి కూడమంటే కంప్యూటరు 5.6 అంటుంది. నలభై దాటినప్పుడల్లా ఎకరం చెయ్యాలని దానికెవరు చెప్పారు? అందుకే మొత్తం ఎప్పుడూ తక్కువకే వస్తుంది, ఎక్కువకి రాదు. బావ గమనించింది అదే.

అది కూడికలో తప్పు, సరిచెయ్యొచ్చు. ఇంకోటుంది, సరిచెయ్యలేనిది. కుర్రాడు 2.10 అని కొట్టగానే స్ప్రెడ్‌షీటు దాన్ని అంకె అనుకుని చివరి సున్నా తీసి 2.1 చేసింది. అంకెల లోకంలో అది సబబే, ఆ సున్నాకి విలువ లేదు. మావైపు ఆ సున్నా విలువ తొమ్మిది గుంటలు, అంటే 1089 గజాలు. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా లెక్కలో సీజనుకి ఎకరానికి ఆరు వేలు, అంటే గుంటకి నూట యాభై. తొమ్మిది గుంటలంటే సీజనుకి 1350 రూపాయలు. సర్కారు లెక్క సర్కారు దగ్గర వేరే ఉంటుందనుకోండి, దానికీ బావ ఫైలుకీ సంబంధం లేదు. ఒక సున్నా ఎంత బరువుంటుందో చెబుదామని అన్నాను.

మా టీములో ఒకాయనది తణుకు. ఆయనా చెరకు నేలమీద పెరిగినవాడే. ఫైలు చూపిస్తే "ఇందులో ఇబ్బందేముంది? 2.1 అంటే రెండెకరాల పది సెంట్లు" అన్నాడు తడుముకోకుండా. వాళ్ళవైపు ఎకరానికి వంద సెంట్లు కనుక ఆ చుక్క నిజంగానే దశాంశ బిందువు. ఆయన రాసిన ప్రోగ్రాము తణుకులో తప్పులేకుండా నడుస్తుంది, బోధన్లో నడవదు. పది సెంట్లంటే నాలుగు గుంటలు. అంటే అదే 2.1ని రెండెకరాల ఒక గుంట అనొచ్చు, పది గుంటలు అనొచ్చు, నాలుగు గుంటలు అనొచ్చు. భాష ఒకటే, పంట ఒకటే, చుక్క ఒకటే.

సరే, రూబీ దగ్గరికొద్దాం. రూబీ 1.8 రోజుల్లో దాంతోపాటు వచ్చే సీయస్వీ లైబ్రరీ నత్తనడక. జేమ్స్ ఎడ్వర్డ్ గ్రే అనే ఆయన ఫాస్టర్‌సీయస్వీ అని వేరే రాస్తే అందరూ దాన్నే వాడేవాళ్ళు. 2009లో వచ్చిన 1.9.1 నుంచి పాతదాన్ని తీసేసి దాన్నే సీయస్వీ పేరుతో పెట్టారు. తర్వాత జపాన్ ఆయన, సుటో కొహెయ్, దాన్ని మళ్ళీ బాగుచేసి ఇంకా వేగం పెంచాడు. 2024 డిసెంబర్లో వచ్చిన 3.4 నుంచి అది బండిల్డ్ జెమ్ అయింది, కనుక బండ్లర్ వాడేవాళ్ళు జెమ్‌ఫైల్లో దాని పేరు చేర్చాలి. పాత స్క్రిప్టు ఉన్నట్టుండి "సీయస్వీ దొరకలేదు" అంటే కారణం ఇదే, కంగారు పడకండి.

ఈ లైబ్రరీలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మీరు ఏమీ చెప్పకపోతే అది ఏమీ ఊహించదు. గడిలో ఉన్నది ఉన్నట్టు స్ట్రింగుగా చేతిలో పెడుతుంది. 2.10 ఉంటే 2.10 ఇస్తుంది, సున్నాతో సహా. ఇంకో చిన్న మర్యాద కూడా ఉంది. రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే నిల్ ఇస్తుంది, ఖాళీ కొటేషన్లుంటే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. "చెప్పలేదు" వేరు, "ఏమీ లేదని చెప్పాడు" వేరు. చాలా డేటాబేసులకి ఎక్కించేటప్పుడు మనవాళ్ళు ఈ తేడాని తుడిచేస్తారు.

ప్రమాదం ఎక్కడంటే, సౌకర్యం దగ్గర. కన్వర్టర్లని ఒకటుంది. న్యూమరిక్ అని ఒక్క మాట చేర్చితే అంకెల్లా కనిపించేవన్నిట్నీ అంకెలు చేసి పెడుతుంది. నేర్పే పాఠాలన్నిట్లో ఇది చూపిస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల జరిగేది ఇదీ: ముందు ఇంటీజర్ చెయ్యబోతుంది, కుదరకపోతే ఫ్లోట్ చెయ్యబోతుంది, అదీ కుదరకపోతే వదిలేస్తుంది. ఇప్పుడు బావ ఫైల్లో ఖాతా నంబర్ల కాలమ్ తీసుకోండి. కొన్ని ముందు సున్నాలతో ఉన్నాయి. సున్నాతో మొదలయ్యే స్ట్రింగుని రూబీ ఇంటీజర్ అష్టాంశ సంఖ్య అనుకుంటుంది. సీ భాష నుంచి వచ్చిన పాత అలవాటు. అంచేత 0060 అనే ఖాతా 48 అవుతుంది. 48 అనే ఖాతా వేరే రైతుది! 0009లో తొమ్మిది అష్టాంశంలో లేని అంకె కనుక ఇంటీజర్ కుదరదు, ఫ్లోట్ కుదురుతుంది, 9.0 వస్తుంది. నిజామాబాద్ ఎస్టీడీ కోడు 08462 కూడా ఇలాగే 8462.0 అవుతుంది. ఒకే కాలమ్లో కొన్ని నిక్షేపంగా, కొన్ని ఫ్లోట్లుగా, కొన్ని పక్కవాడి నంబర్లుగా. ఎర్రర్ ఒక్కటీ రాదు. నమ్మకం లేకపోతే మీ దగ్గరున్న వెర్షన్లో ఒక్క నిమిషం ప్రయత్నించి చూడండి.

సర్వే నంబర్ల కథ ఇంకా బాగుంటుంది. మావైపు సర్వే నంబరు చీలినకొద్దీ 145/అ, 145/ఆ, 145/ఇ అంటూ పోతుంది, ఇంకా చీలితే 145/ఇ/2. దాన్ని ఇంగ్లీషులో కొట్టేటప్పుడు 'ఇ' బదులు ఇంగ్లీషు 'ఈ' అక్షరం వేస్తారు. మన కుర్రాడు బద్ధకించి అడ్డగీతలు కూడా తీసేశాడు. మధ్యలో 'ఈ' అక్షరం, అటు 145, ఇటు 2. రూబీ ఫ్లోట్‌కి అది 145ని వందతో హెచ్చవేసిన సంఖ్య, 14500.0. స్ప్రెడ్‌షీటుదీ అదే తెలివి. ఇహ అక్షరం లేని 12/2 లాంటివైతే ఫిబ్రవరి 12 అయి కూర్చున్నాయి. పట్నాల్లో ఇంటి నంబర్లు 5-6-12 అని ఉంటాయి చూశారూ, అవి 2012 జూన్ అయిదో తారీకుకి వెళ్ళిపోతాయి.

ఇది మన ఒక్కళ్ళ బాధే అనుకోకండి. మనిషి జన్యువులకి మార్చ్, సెప్ట్ అక్షరాలతో మొదలయ్యే పొట్టి పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని తేదీలు చేస్తూ పోతే, ప్రపంచంలో జన్యువులకి పేర్లు పెట్టే కమిటీ చివరికి 2020లో ఆ పేర్లే మార్చేసింది. ఎక్సెల్లో ఈ మార్పిడిని ఆపుకునే సదుపాయం 2023లో గానీ రాలేదు. శాస్త్రవేత్తలు కనుక పేర్లు మార్చుకున్నారు. పొలం గట్ల మీద రాళ్ళకున్న నంబర్లు ఎవడు మారుస్తాడు?

తెలుగు అక్షరాలది వేరే గోల, క్లుప్తంగా చెప్తాను. స్ప్రెడ్‌షీటు నుంచి వచ్చిన యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో కనపడని బామ్ అక్షరం ఉంటే మొదటి శీర్షిక "పేరు" కాదు, "ఏదో+పేరు". మీరు "పేరు" అని అడిగితే నిల్ వస్తుంది. తెరిచేటప్పుడే బామ్ ఉంటే తీసెయ్యమని ఎన్‌కోడింగులో చెప్పాలి. రాజ్‌కుమార్ అనే పేరు మధ్యలో కనపడని నాన్‌జాయినర్ ఉన్నవాడూ లేనివాడూ కంప్యూటరుకి ఇద్దరు మనుషులు. డబ్బులు 1,25,000 అని మన పద్ధతిలో రాస్తే ఫైల్లో కొటేషన్ల మధ్య వస్తుంది, కామా దగ్గర విరగ్గొట్టే ఒక్క లైను వీరులు అక్కడే పడతారు. సరిగ్గా చదివినా, దానిమీద టు-ఐ పిలిస్తే వచ్చేది ఒకటి. లక్షా పాతిక వేలు పోయి ఒక్క రూపాయి!

మరి బావ ఫైలు ఏం చేశాం? అన్ని కాలమ్‌లూ స్ట్రింగులుగానే చదివాను. విస్తీర్ణానికి మాత్రం చిన్న కన్వర్టర్ రాశాను. చుక్క దగ్గర రెండు ముక్కలు చేసి, మొదటిది ఎకరాలు, రెండోది గుంటలు, అన్నీ గుంటల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచుకోవడం. చూపించేటప్పుడు మళ్ళీ నలభైతో భాగించి ఎకరాలు-గుంటలు. ఫ్లోటు ఎక్కడా లేదు. చుక్క తర్వాత రెండంకెలుంటే, అది నలభై కంటే తక్కువైతే, తీసుకో. నలభై, ఆపైన ఉంటే పక్కన పెట్టు. ఒక్క అంకే ఉంటే ఊహించకు, పక్కన పెట్టు.

నా మొదటి ఆలోచన ఏంటంటే ఒంటి అంకెల్లో 1, 2, 3 మాత్రమే సందేహం, ఎందుకంటే 2.4 నలభై కాలేదు, నలభై అయితే మూడెకరాలే అని రాసేవాళ్ళు కదా, కనుక అది నాలుగు గుంటలే అయ్యుండాలి. తర్కం బాగానే ఉంది. బావకి ఫోన్లో చెప్తే నవ్వాడు.

"గదేం లేదురా. 2.5 అని రాసిండంటే అయిదు గుంటలు గాదు. రెండున్నర ఎకరాలు. మనోళ్ళు అట్ల గూడ రాస్తరు."

రెండున్నర అంటే ఇరవై గుంటలు. అంటే ఏ ఒంటి అంకెనీ నమ్మడానికి లేదు. ఈ సంగతి ఏ లైబ్రరీకి తెలుస్తుంది? ఆఫీసులో చెబితే, ఒకబ్బాయి "ఏఐకి ఇస్తే శుభ్రం చేసి పెడుతుంది కదా" అన్నాడు. పెడుతుంది, ఆరొందల వరసలూ నిమిషంలో. సగటు చూసి, పక్క వరసలు చూసి ఊహించి నింపుతుంది. స్ప్రెడ్‌షీటు చేసిందీ ఊహించడమే, న్యూమరిక్ కన్వర్టర్ చేసేదీ ఊహించడమే. మూడో ఊహతో మొదటి ఊహని దిద్దడం నాకు నచ్చలేదు. అడిగితే చెప్పే మనిషి ఊళ్ళో ఉండగా ఊహ దేనికండీ?

పైగా ఇక్కడ పోయేవి గజాలు కావు, మాటలు. ఎకరాల చొప్పున ఖర్చు పంచినప్పుడు తక్కువ పడినవాడు తక్కువ కడతాడు, ఆ తేడా మిగతావాళ్ళ మీద పడుతుంది. అప్పటికే ఒక పెద్దమనిషిని "భూమి తక్కువ రాయించుకున్నవు" అని నలుగుర్లో అనేశారట. ఆయన చీటీలో రాసింది 3.30. ఫైల్లో ఉన్నది 3.3. ఆయనేమో అప్పట్నుంచి మీటింగులకి రావట్లేదు.

అలా పక్కన పెట్టినవి తొంభై ఏడు వరసలు. వాటిని ఊళ్ళవారీగా ముద్రించి పంపాను. బావ ఒక్కో ఇంటికీ వెళ్ళో, ఫోన్ చేసో, పాస్‌బుక్కు చూసి రాసుకొచ్చాడు. మొదట ఆ పెద్దమనిషి ఇంటికే వెళ్ళమన్నాను. వెళ్ళాడు, నలుగుర్నీ వెంటబెట్టుకుని. పాస్‌బుక్కు తెచ్చి చాప మీద పెట్టి ముప్ఫై గుంటల దగ్గర వేలు పెట్టి చూపించాడట ఆయన. ఏమన్నాడని అడిగితే "ఏమంటడు, చాయ్ పోసిండు" అన్నాడు బావ.

సీయస్వీ మానేసి ఇంకేదైనా వాడొచ్చు కదా అంటారా? జేసన్ అనో, డేటాబేసు అనో? నేను ఒప్పుకోను. బావ ఫోన్లో తెరుచుకుని చూడగలిగేది, జిరాక్సు కుర్రాడు దిద్దగలిగేది ఇదొక్కటే. ఫార్మాటు తప్పు కాదిది. పాత నోటుబుక్కులో బావ గీసుకున్న గళ్ళు చూశాను. ఎకరాలకి ఒకటి, గుంటలకి ఒకటి, రెండు వేరు వేరు గళ్ళు. కాగితమ్మీద ఆయన సరిగ్గానే చేశాడు. కంప్యూటర్లోకి వచ్చేటప్పుడు ఆ రెండు గళ్ళనీ ఒక చుక్కతో కలిపేశారు. ఇప్పుడు కొత్త ఫైల్లో మళ్ళీ రెండు కాలమ్‌లు. శీర్షికలు కూడా "ఎకరాలు", "గుంటలు" అనే, "విస్తీర్ణం" అని కాదు. సర్వే నంబరు, ఖాతా నంబరు కాలమ్‌లని టైపు చెయ్యకముందే టెక్స్టుగా మార్చాలని కుర్రాడికి నేర్పాను. నాకంటే తొందరగా పట్టేశాడు.

తొంభై ఏడులో తొంభై ఆరు తేలాయి. మిగిలినాయన దుబాయ్‌లో ఉన్నాడు, పాస్‌బుక్కు బీరువాలో, బీరువా తాళం ఆయన దగ్గర. భార్యని అడిగితే "రెండెకరాలు, పైన జర్ర" అందట. ఆయనకి సెలవు దొరికిన రోజున ఇమోలో అడుగుతానన్నాడు బావ. అందాకా ఆ వరసలో గుంటల గడి నిల్ గానే ఉంచాను, ఖాళీ స్ట్రింగు కూడా పెట్టలేదు.